అనుకోవడం అంటే తనతో తాను అనడమే

ఆలోచించడానికి తెలుగులో ఉన్న అతి మామూలు మాట ‘అనుకోవడం’. ‘వాన వస్తుందేమో అనుకున్నాను’, ‘రేపు ఊరెళ్దామనుకుంటున్నాం’ అని రోజూ అంటూనే ఉంటాం. ఆ క్రియను విప్పి చూస్తే రెండు ముక్కలు కనిపిస్తాయి. మొదటిది ‘అను’, అంటే పలకడం. రెండోది ‘కొను’. వండుకోవడం, రాసుకోవడం, తల దువ్వుకోవడం అన్నప్పుడు ఈ రెండో ముక్క చేసే పని మనకు తెలుసు. పని ఎవరు చేశారో, దాని ఫలం వారికే చెందుతుందని అది చెబుతుంది. ఆ లెక్కన అనుకోవడమంటే తనకోసం తాను అనడం, తనతో తాను పలకడం. పలికేవారూ వినేవారూ ఒక్కరే అయిన మాట అది.

ఆ మాట ఎలా ఉంటోంది? చేతిలోంచి గ్లాసు జారి పగిలినప్పుడు, పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు, నలుగురిలో మాట తడబడినప్పుడు మనలో మనం ఏమనుకుంటాం? ‘ఛీ, నా బుద్ధే ఇంత’, ‘నేను ఎందుకూ పనికిరాను’, ‘నా బతుకింతే’. ఇంటికొచ్చిన చుట్టంతో, పక్కింటి పిల్లతో, ఆఖరికి మనకు నచ్చనివారితో కూడా అనడానికి నోరు రాని మాటలను మనతో మనం రోజూ అనుకుంటున్నాం. ఈ అలవాటు మనసుకూ ఒంటికీ ఏం చేస్తుంది, దాన్ని మార్చుకోవచ్చా, మార్చుకోవాలంటే ఏ మాటలు పనికొస్తాయి, ఏవి పనికిరావు అన్న ప్రశ్నలకు మనస్తత్వ శాస్త్రం కొన్ని స్పష్టమైన జవాబులు ఇచ్చింది. వాటిని వరసగా చూద్దాం.

లోపలి మాట బయటి నుంచే వచ్చింది

మూడు నాలుగేళ్ల పిల్లలు ఆడుకుంటుంటే గమనించండి. ‘ఇది ఇక్కడ పెట్టాలి... అయ్యో, పడిపోయింది... మళ్లీ పెడతా’ అని తమలో తాము పైకే మాట్లాడుకుంటారు. ఎదుటివారు వినాలని వారికేమీ ఉండదు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే దీన్ని ఎదుటివారి దృష్టి ఇంకా అలవడని పసితనపు మాటగా, వయసుతోపాటు పోయేదిగా చూశాడు. రష్యన్ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ (1896–1934) దాన్ని మరోలా అర్థం చేసుకున్నాడు. ఆ మాట పోదు, లోపలికి వెళుతుంది అన్నాడు. మొదట పెద్దలు పిల్లలతో మాట్లాడతారు. తర్వాత పిల్లలు ఆ మాటలనే పైకి చెప్పుకుంటూ తమ పనులను నడుపుకుంటారు. ఆపైన అది గుసగుసగా మారి, క్రమంగా పెదవి కదలని అంతరంగ భాషణం అవుతుంది. ఆయన మరణించిన ఏడాదే, 1934లో, ఈ సిద్ధాంతాన్ని వివరించే పుస్తకం వెలువడింది. తర్వాతి తరాల పరిశోధన వైగోట్‌స్కీ వైపే ఎక్కువగా మొగ్గింది.

లోపలి మాట నిశ్శబ్దంగా ఉన్నా ఒంటికి దాని జాడ తెలుస్తుంది. ఒక వాక్యాన్ని మనసులో చెప్పుకుంటున్నప్పుడు నాలుక, పెదవుల కండరాల్లో అతి సూక్ష్మమైన విద్యుత్ కదలికలు పుడతాయని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ 1930లలోనే కొలిచి చూపించాడు. ఇటీవలి మెదడు చిత్రణల్లో, మాటను పుట్టించే ఎడమ ముందరి భాగపు ప్రాంతాలు మౌనంగా మాట్లాడుకునేటప్పుడు కూడా చురుగ్గా కనిపించాయి. అంటే మెదడుకు లోపలి మాట కూడా చాలావరకు మాటే.

అయితే అందరి మనసూ ఒక్కలా మాట్లాడదు. అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయ పరిశోధకుడు రస్సెల్ హర్ల్‌బర్ట్ ఒక సులువైన పద్ధతి కనిపెట్టాడు. పాల్గొనేవారి దగ్గర చిన్న బీపర్ ఉంటుంది. అది మోగిన క్షణంలో మనసులో ఏముందో వారు రాసుకోవాలి. 2008లో వెలువడిన అలాంటి ఒక అధ్యయనంలో, పరిశీలించిన క్షణాల్లో దాదాపు నాలుగో వంతులో లోపలి మాట వినిపించింది. కొందరిలో అది చాలా ఎక్కువ, కొందరిలో దాదాపు లేనే లేదు. మిగతా క్షణాలను బొమ్మలు, అనుభూతులు, మాటల్లో పెట్టలేని తలపులు ఆక్రమించాయి. కాబట్టి ఎవరికైనా లోపల గొంతు స్పష్టంగా వినిపించకపోతే అది లోపమేమీ కాదు.

వైగోట్‌స్కీ చెప్పినదాంట్లో మనం గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది. లోపలి మాట పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నది. ఎవరెవరి నోటి నుంచో మన చెవిన పడి, మనదై, మన గొంతుతోనే మనకు వినిపిస్తోంది. ఒకసారి నేర్చుకున్నదాన్ని మార్చి నేర్చుకోవడం సాధ్యమే.

లోపల కూర్చున్న ఆ నలుగురు

1960ల ప్రాంతంలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ (1921–2021) అనే మనోవైద్యుడు కుంగుబాటు రోగులకు చికిత్స చేస్తూ ఒక సంగతి గమనించాడు. వారు పైకి చెబుతున్న మాటల వెనక మరో ఆలోచనల ప్రవాహం నడుస్తోంది. ‘ఈ డాక్టరు నన్ను చూసి విసుక్కుంటున్నాడు’, ‘నేను సరిగ్గా చెప్పలేకపోతున్నాను’ లాంటి చిన్న చిన్న వాక్యాలు, పిలవకుండానే వచ్చి చటుక్కున మాయమవుతున్నాయి. వాటిని రోగులు ఆలోచనలుగా గుర్తించడం లేదు, నిజాలుగా తీసుకుంటున్నారు. బెక్ వీటికి ‘ఆటోమేటిక్ థాట్స్’ అని పేరు పెట్టాడు. తమంత తాము వచ్చే తలపులన్నమాట. వాటిని పట్టుకుని, సాక్ష్యాధారాలతో పరీక్షించి, సరిదిద్దుకోవడం నేర్పితే కుంగుబాటు తగ్గుతుందని ఆయన చూపించాడు. నేడు ప్రపంచమంతా వాడుతున్న కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి మూలస్తంభం ఇదే. దాదాపు అదే కాలంలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఎలిస్ కూడా, మనిషిని బాధించేది జరిగిన సంఘటన ఒక్కటే కాదనీ, దాని గురించి అతడు తనకు చెప్పుకునే మాట కూడాననీ బోధించాడు.

అలా వచ్చే తలపుల తప్పులకు కొన్ని పోలికలున్నాయి. ఒక్క లెక్క తప్పితే ‘నాకు లెక్కలే రావు’ అనుకోవడం, ఒక్కరు పలకరించకపోతే ‘అందరికీ నేనంటే చులకన’ అనుకోవడం, జరగబోయేదంతా ముందే చూసినట్టు ‘ఎలాగూ తప్పుతాను’ అని తీర్పు చెప్పుకోవడం. ఒక పనిలో జరిగిన పొరపాటు మొత్తం మనిషి మీద వేసిన ముద్రగా మారిపోతుంది. పదిమంది మెచ్చుకుని ఒక్కరు వంక పెడితే, రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఆ ఒక్క వంకే. చెడు అనుభవాలు మంచివాటికన్నా మనసు మీద గట్టిగా ముద్ర వేస్తాయని రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు 2001లో అనేక అధ్యయనాలను కూర్చి వివరించారు.

దీని ప్రభావం ఒంటి మీద కూడా ఉంటుంది. మనిషికి ముప్పు ఎదురైనప్పుడు మెదడు హెచ్చరిక పంపుతుంది, మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. ఏ రకం ముప్పుకు కార్టిసాల్ ఎక్కువగా పెరుగుతుందో తెలుసుకోవడానికి శాలీ డికర్సన్, మార్గరెట్ కెమెనీ అనే పరిశోధకులు 208 ప్రయోగశాల అధ్యయనాలను కలిపి పరిశీలించి 2004లో ఫలితం ప్రకటించారు. పరిస్థితి తన చేతుల్లో లేకపోవడం, ఇతరులు తనను తూకం వేస్తున్నారన్న భయం, ఈ రెండూ కలిసినచోట కార్టిసాల్ అన్నింటికన్నా ఎక్కువగా పెరిగింది. మన ఇళ్లలో తరతరాలుగా వినిపించే ‘నలుగురూ ఏమనుకుంటారో’ అన్న మాటకు ఒంట్లో ఉన్న రూపం ఇది. తనను తాను నిత్యం తిట్టుకునే మనిషి ఆ నలుగురినీ లోపలికి తెచ్చి కూర్చోబెట్టుకుంటాడు. బయటి నలుగురైతే సాయంత్రానికి ఎవరిళ్లకు వాళ్లు వెళ్తారు. లోపలివాళ్లు రాత్రికీ లేచి వెళ్లరు. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ గిల్బర్ట్ తన చికిత్సా పద్ధతిని ఈ ఆలోచన మీదే నిర్మించాడు. తిట్టు బయటి నుంచి వచ్చినా లోపలి నుంచి వచ్చినా, ప్రమాదాన్ని పసిగట్టే వ్యవస్థ మేలుకుంటుందనీ, ఓదార్పు ఎవరి నుంచి అందినా ఊరటనిచ్చే వ్యవస్థ స్పందిస్తుందనీ ఆయన అంటాడు.

తీపి మాట ఎందుకు చేదవుతుంది

మరి తిట్టు స్థానంలో పొగడ్త పెడితే సరిపోతుందా? మాటకు బలముందన్న నమ్మకం మనకు కొత్త కాదు. చెడు మాట నోట రాగానే ‘అలా అనకు, తథాస్తు దేవతలు వింటారు’ అని పెద్దలు వారిస్తారు. ఫ్రాన్స్‌లో ఎమిల్ కూయే (1857–1926) అనే ఔషధ విక్రేత ఇలాంటి నమ్మకాన్నే ఒక పద్ధతిగా మలిచాడు. తాను రోజురోజుకూ అన్ని విధాలా మెరుగవుతున్నానని చెప్పే ఒక వాక్యాన్ని పొద్దునా రాత్రీ ఇరవైసార్లు వల్లించమన్నాడు. 1920లలో ఆ పద్ధతి యూరప్, అమెరికాల్లో విపరీతంగా ప్రచారమైంది. నేటి ‘అఫర్మేషన్ల’ పుస్తకాలకూ, వీడియోలకూ, అద్దం మీద అంటించుకునే చీటీలకూ ఆయన పెద్దతాత వరస.

ఇవి పనిచేస్తాయా అని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోఆన్ వుడ్ బృందం పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించింది. పాల్గొన్నవారు నాలుగు నిమిషాలపాటు తమ మనసులోని ఆలోచనలు రాయాలి. వారిలో సగంమంది, పదిహేను సెకన్లకోసారి గంట మోగినప్పుడల్లా, తాము ప్రేమించదగిన మనుషులమని చెప్పుకోవాలి. తమ మీద తమకు ముందే గౌరవమున్నవారికి దానివల్ల కాస్త మేలు జరిగింది. ఎవరికి ఆ మాట నిజంగా అవసరమో, ఎవరు తమను తాము తక్కువగా చూసుకుంటున్నారో, వారికి మాత్రం మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి కాలంలో ఇదే ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు అంతటి హాని మళ్లీ కనిపించలేదు కాబట్టి దీన్ని తిరుగులేని తీర్పుగా తీసుకోనక్కర్లేదు. కానీ అందులో దాగిన హెచ్చరిక విలువైనది. నమ్మలేని మాటను మనసుకు చెబితే, మనసు ఊరుకోదు, ఎదురు సాక్ష్యాలు తెచ్చి వాదిస్తుంది. ‘నేను గొప్ప తెలివైనవాణ్ణి’ అని ఒకసారి అంటే, ‘మొన్నటి పరీక్షలో ఏమైంది?’ అని వెంటనే అడుగుతుంది.

చెడు తలపులను బలవంతంగా తరిమేయడం కూడా దారి కాదు. వైద్యుడు మందిచ్చి, ‘తాగేటప్పుడు కోతిని మాత్రం తలచుకోవద్దు’ అన్నాడని మనకో కథ ఉంది. మందు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా కోతే కళ్ల ముందు నిలిచి, పాపం ఆ రోగి మందు తాగలేకపోయాడు. అమెరికా శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో ప్రయోగంతో ఇదే నిరూపించాడు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పినవారికి అది పదేపదే గుర్తొచ్చింది. నిషేధం ఎత్తివేశాక, మొదటినుంచీ తలచుకోవచ్చని చెప్పినవారికన్నా వారికే అది ఎక్కువగా తలపుకొచ్చింది. తలపును అణచాలంటే అది వచ్చిందా లేదా అని మనసు కాపలా కాస్తూ ఉండాలి. ఆ కాపలాయే దాన్ని పిలుస్తుంది.

ప్రమాణం నిలిచే చోటు

‘సెల్ఫ్ అఫర్మేషన్’ అన్న పేరుతోనే శాస్త్రంలో మరో పాయ ఉంది. వల్లించే వాక్యాలతో దానికి సంబంధం లేదు. 1988లో క్లాడ్ స్టీల్ ప్రతిపాదించిన ఈ సిద్ధాంతం ప్రకారం, మనిషికి ఒకచోట దెబ్బ తగిలినప్పుడు, తన జీవితంలో విలువైన మరో విషయాన్ని గుర్తు చేసుకుంటే నిలదొక్కుకోగలడు. అందుకని ఈ ప్రయోగాల్లో ‘నేను గొప్పవాణ్ణి’ అని ఎవరితోనూ చెప్పించరు. కుటుంబం, స్నేహం, సంగీతం, దైవభక్తి, నిజాయితీ లాంటి విలువల జాబితా ఇచ్చి, తమకు ముఖ్యమైనదాన్ని ఎంచుకుని, అది ఎందుకు ముఖ్యమో, దాని ప్రకారం నడిచిన సందర్భం ఏమిటో రాయమంటారు.

జెఫ్రీ కోహెన్ బృందం అమెరికాలో ఏడో తరగతి పిల్లలతో పావుగంటపాటు ఇలాంటి రాత రాయించి, 2006లో ‘సైన్స్’ పత్రికలో ఫలితం ప్రచురించింది. తమ జాతిని చదువులో తక్కువగా చూస్తారన్న బెంగ మోస్తున్న నల్లజాతి విద్యార్థుల మార్కులు మెరుగై, వారికీ శ్వేతజాతి విద్యార్థులకూ మధ్య అంతరం దాదాపు 40 శాతం తగ్గింది. ఎక్కువమంది పిల్లలతో తర్వాత చేసిన అధ్యయనాల్లో ఈ ప్రభావం చిన్నదిగానే తేలింది, కొన్నిచోట్ల కనిపించనే లేదు. అంటే ఇది మంత్రం కాదు. బెంగ నిజంగా ఉన్నచోట, సమయానికి అందితే పనిచేసే చిన్న ఊతం. డేవిడ్ క్రెస్‌వెల్ బృందం 2005లో వెల్లడించిన ప్రయోగంలో, పరీక్షకుల ముందు ప్రసంగం, లెక్కలు చెప్పే ఒత్తిడికి ముందు తమ విలువల గురించి ఆలోచించినవారికి కార్టిసాల్ తక్కువగా పెరిగింది. 2016లో వచ్చిన మెదడు చిత్రణల అధ్యయనం, విలువలను తలచుకునేటప్పుడు ‘నేను’ అన్న భావనతోనూ, విలువ కట్టడంతోనూ ముడిపడిన ప్రాంతాలు చురుకెక్కుతాయని చూపింది.

వుడ్ ప్రయోగాన్నీ వీటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. అక్కడ అరువు తెచ్చుకున్న వాక్యం, ఇక్కడ తన బతుకులోంచి తీసిన నిజం. ‘అమ్మ జబ్బుపడినప్పుడు నెలరోజులు ఇల్లంతా నేనే చూసుకున్నాను’ అని రాసుకున్న పిల్లను ఆమె మనసు కాదనలేదు. సాక్ష్యం ఆమె దగ్గరే ఉంది.

దయ చూపితే చెడిపోతామా?

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. తనను తాను ఓదార్చుకుంటూ కూర్చుంటే బద్ధకం పెరగదా? తిట్టకపోతే పిల్లలే దారికి రారంటారే, మనసు వస్తుందా? ఈ నమ్మకం మన పెంపకంలో చాలా లోతుగా పాతుకుపోయింది. అందుకే దీనికి జవాబు జాగ్రత్తగా చెప్పుకోవాలి.

టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టిన్ నెఫ్ 2003లో ‘సెల్ఫ్ కంపాషన్’ అన్న భావనను నిర్వచించి, కొలిచే సాధనాన్ని తయారు చేసింది. దాన్ని మనం ‘తన మీద తనకు దయ’ అనుకుందాం. అందులో మూడు పాళ్లున్నాయి. తన బాధపట్ల కఠినంగా కాక మెత్తగా ఉండటం ఒకటి. పొరపాటు, ఓటమి మనుషులందరికీ ఉన్నవేననీ, తానొక్కడే వేరు పడలేదనీ తెలియడం రెండోది. బాధను దాచకుండా, పెంచకుండా, ఉన్నదున్నట్టు చూసే ఎరుక మూడోది. ఈ మూడింట్లోనూ ‘తప్పు చేయలేదు’ అన్న మాట ఎక్కడా లేదని గమనించాలి. దయ తప్పును చెరిపేయదు. దాన్ని కళ్లెత్తి చూడగలిగే ధైర్యాన్నిస్తుంది.

కాలిఫోర్నియాలోని బర్కిలీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ఈ సందేహాన్నే పరీక్షకు పెట్టారు. విద్యార్థులకు కఠినమైన పదజాల పరీక్ష పెట్టారు. చాలామంది తడబడ్డారు. తర్వాత ఒక గుంపుకు, ఇలాంటి పరీక్ష చాలామందికి కష్టమేననీ, మిమ్మల్ని మీరు నిందించుకోవద్దనీ చెప్పారు. మరో గుంపుతో, మీరు తెలివైనవారు కాబట్టే ఈ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిందని పొగిడారు. ఇంకో గుంపుకు ఏమీ చెప్పలేదు. మలి పరీక్షకు చదువుకునే అవకాశమిస్తే, అందరికన్నా ఎక్కువసేపు చదివింది దయగా మాట్లాడిన గుంపే. కారణం ఊహించలేనిది కాదు. తప్పు చేసిన ప్రతిసారీ లోపల దెబ్బలు పడతాయంటే, మనిషి తప్పు వైపు చూడడానికే జంకుతాడు. పుస్తకం తెరిస్తే తన అసమర్థత బయటపడుతుందన్న భయంతో పుస్తకమే తెరవడు. దయ ఆ భయాన్ని తీసేస్తుంది. మిగిలేది చేయవలసిన పని.

పేరు పెట్టి పిలుచుకోవడం

దయగా మాట్లాడాలని తెలిసినా, గుండె దడదడలాడుతున్న వేళ అది ఎలా? మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ క్రాస్ బృందం 2014లో ఒక చిన్న మెలకువను బయటపెట్టింది. తక్కువ వ్యవధిలో ప్రసంగానికి సిద్ధం కమ్మని కొందరిని ఒత్తిడిలోకి నెట్టారు. తమ ఆందోళన గురించి ఆలోచించేటప్పుడు కొందరు తమను ‘నేను’ అనీ, మరికొందరు తమ పేరుతో, ‘నువ్వు’ అనీ పిలుచుకోవాలి. పేరుతో పిలుచుకున్నవారు మెరుగ్గా మాట్లాడారు, తర్వాత తక్కువగా బాధపడ్డారు. 2017లో జేసన్ మోసర్, క్రాస్ తదితరులు మెదడు తరంగాలను కొలిచి చూస్తే, బాధ కలిగించే దృశ్యాలకు మెదడు చూపే స్పందన ఈ పద్ధతిలో ఒక సెకనులోపే తగ్గడం మొదలైంది. పైగా అందుకు మనసు ప్రత్యేకంగా శ్రమపడుతున్న జాడలు కనిపించలేదు.

ఎదుటివారి కష్టానికి మనం తెలివైన సలహా ఇవ్వగలం, మన కష్టం దగ్గరికొచ్చేసరికి తడబడతాం. పేరు పెట్టి పిలుచుకోగానే మనల్ని మనం ఎదుటి మనిషి స్థానంలో నిలబెట్టుకుంటాం. ‘నా వల్ల కాదు’ అన్నది మునిగిపోతున్న గొంతు. ‘లక్ష్మీ, కంగారుపడకు. ముందు తెలిసిన ప్రశ్న రాయి’ అన్నది ఒడ్డున నిలబడి చేయందిస్తున్న గొంతు.

ఈ పిలుపు మన సాహిత్యానికి బాగా పరిచయమే. వేమన పద్యాల మకుటం ‘వేమా’ అని పేరు పెట్టి పిలుస్తుంది. లోకానికి చెప్పే నీతి కూడా ముందు తన చెవిన పడాలన్నట్టు ఉంటుంది ఆ ముగింపు. త్యాగరాజు (1767–1847) కీర్తనల్లో ఎన్నో నేరుగా తన మనసును సంబోధిస్తాయి. దానికి ఆయన నచ్చజెబుతాడు, ప్రశ్నిస్తాడు, బతిమాలుతాడు. వీటిని ప్రయోగ ఫలితాలకు రుజువుగా చూపడం సరికాదు. కానీ మనసును ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడే మర్యాద మన భాషలో ఎప్పటినుంచో ఉందన్నది నిజం.

క్రీడాకారులు దీన్ని మరో రకంగా వాడతారు. ‘బంతి మీద చూపు’, ‘భుజం వదులు’ లాంటి చిన్న ఆదేశాలు తమకు తాము ఇచ్చుకుంటారు. 32 అధ్యయనాలను కలిపి 2011లో ప్రచురించిన విశ్లేషణలో, ఇలాంటి స్వీయ భాషణం ఆటను చెప్పుకోదగ్గంతగా మెరుగుపరుస్తుందని తేలింది. గురి, సున్నితమైన కదలిక అవసరమైన పనులకు ఎలా చేయాలో చెప్పే మాటలు బాగా పనికొచ్చాయి. ‘నువ్వు గెలుస్తావు’ అన్నదానికన్నా ‘తర్వాతి అడుగు ఇది’ అన్నదే చాలాచోట్ల అక్కరకొచ్చే మాట.

రోజువారీ సాధన

ఈ పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఆచరణకు ఒక దారి కనిపిస్తుంది. మొదటి పని వినడం. ఒక వారంపాటు, మనసు కలుక్కుమన్నప్పుడల్లా లోపల ఏ వాక్యం పలికిందో ఉన్నదున్నట్టు చిన్న నోటుబుక్కులో రాసుకోవాలి. కాగితం మీద పడ్డ వాక్యం తీర్పులా కనిపించడం మానేసి, వాక్యంలా కనిపిస్తుంది. అప్పుడే దాన్ని పరీక్షించగలం.

రెండో పని, ఆ వాక్యాన్ని ప్రాణస్నేహితురాలితో అనగలమా అని అడగడం. అనలేమంటే, ఆమెతో ఏమంటామో అదే రాయాలి. కొత్త వాక్యం నిజమై ఉండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పిన అమ్మాయి ‘నేను మొద్దును’ అనుకుంటోంది. దాన్ని ‘నేను మేధావిని’ అని మార్చి లాభం లేదు. ఇలా రాసుకోవచ్చు: ‘ఫిజిక్స్ పోయింది. బాధగానే ఉంది. ఇలా పోయినవాళ్లు చాలామంది ఉన్నారు. మిగతా సబ్జెక్టులన్నీ పాసయ్యాను. సప్లిమెంటరీకి టైముంది. రేపు పొద్దున ఒక్క పాఠం మొదలుపెడతాను.’ ఇందులో ప్రతి ముక్కా నిజమే, ఏ ముక్కలోనూ తిట్టు లేదు. ‘నాకు రాదు’ అన్నచోట ‘నాకు ఇంకా రాలేదు’ అని ఒక్క మాట చేర్చినా మూసిన తలుపు ఓరగా తెరుచుకుంటుంది.

మూడోది, కష్టమైన రోజుకు ముందు పావుగంట తీసుకుని తన విలువల గురించి రాసుకోవడం. ఇంటర్వ్యూ, పరీక్ష, ఆస్పత్రి రిపోర్టు, ఏదైనా కావచ్చు. నాకు ఏది ముఖ్యం, దానికోసం ఎప్పుడు నిలబడ్డాను అన్నదే రాయాలి. నాలుగోది, తడబడే క్షణానికి ముందే మాట సిద్ధం చేసుకోవడం. ‘ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను’ అని ముందుగా నిశ్చయించుకున్నవారు అనుకున్న పనిని ఎక్కువగా నెరవేరుస్తారని జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపాయి. ‘చేతులు వణికితే, పేరు పెట్టి పిలుచుకుని, నెమ్మదిగా మూడుసార్లు ఊపిరి వదిలి, మొదటి వాక్యం చెబుతాను’ అని నిశ్చయించుకోవచ్చు. ఆ మాటలు పుస్తకభాషలో ఉండనక్కర్లేదు. ‘పోనీలే’, ‘ఏం కాదులే’, ‘మెల్లగా కానీ’ అన్న ఇంటి మాటల్లో ఉన్న వెచ్చదనం ఏ అరువు వాక్యంలోనూ ఉండదు. ఏళ్ల తరబడి పాతుకున్న అలవాటు వారంలో పోదు. పాత తిట్టు మళ్లీ వినిపిస్తుంది. వినిపించినందుకు మళ్లీ తిట్టుకోకపోవడం కూడా సాధనలో భాగమే.

మాటకు అందని చోటు

మంచి మాట ఒక్కటే అన్నింటికీ మందు అనుకుంటే అది కూడా ఒక హాని. రెండు వారాలకు మించి మనసు కుంగిపోయి ఉన్నా, నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి పోయినా, చనిపోవాలన్న తలపు వస్తున్నా అది స్వీయ భాషణంతో సరిదిద్దుకునే విషయం కాదు. అది వైద్యం కావలసిన స్థితి. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ సేవను 14416 నంబరులో ఉచితంగా, రాత్రీ పగలూ, తెలుగులో కూడా పొందవచ్చు. అలాగే ఆకలి, అప్పు, వివక్ష, ఇంట్లో హింస లాంటివాటిని ఎదుర్కొంటున్న మనిషికి ‘బాగా ఆలోచించు, అంతా సర్దుకుంటుంది’ అని చెప్పడం అన్యాయం. అక్కడ మారవలసింది పరిస్థితి. తన మీద తనకున్న దయ, ‘ఇది నా తప్పు కాదు, నేను సాయం అడగవచ్చు’ అనేంత బలాన్ని ఇస్తే చాలు.

పెద్దలకు ఒక మాట

వైగోట్‌స్కీ దగ్గర మొదలుపెట్టాం, అక్కడికే తిరిగి వద్దాం. పిల్లలు మనతో మాట్లాడే భాషను మన నుంచి నేర్చుకున్నట్టే, తమతో తాము మాట్లాడుకునే భాషనూ మన నుంచే నేర్చుకుంటారు. వాటర్లూ విశ్వవిద్యాలయానికే చెందిన డోనాల్డ్ మైకెన్‌బామ్ 1971లో, తొందరపాటుతో తప్పులు చేసే పిల్లలకు దీన్నే పద్ధతి ప్రకారం నేర్పించాడు. మొదట పెద్దవారు పని చేస్తూ, ‘నెమ్మదిగా గీయాలి... ఇక్కడ తప్పాను, ఫర్వాలేదు, సరిచేస్తాను’ అని పైకి చెప్పుకునేవారు. పిల్లలు అది విని, తాము పైకి అంటూ, తర్వాత గుసగుసగా, చివరికి మౌనంగా అనుకుంటూ పనిచేసేవారు. వారి తప్పులు తగ్గాయి.

మన ఇళ్లలో ఈ శిక్షణ ప్రతిరోజూ జరుగుతూనే ఉంది, మనకు తెలియకుండా. ‘మొద్దు’, ‘ఎందుకూ కొరగావు’, ‘పక్కింటివాణ్ణి చూసి సిగ్గు తెచ్చుకో’ అని మనం కోపంలో అనేసి అరగంటలో మరిచిపోతాం. పిల్లలు మరిచిపోరు. ఆ మాటలు వాళ్ల నోట్లో ‘నేను మొద్దును’, ‘నేను ఎందుకూ కొరగాను’ అని మారి లోపల స్థిరపడతాయి. మనం లేని రోజున, హాస్టల్ గదిలో, దూరదేశపు ఉద్యోగంలో, ఓడిపోయి ఒంటరిగా కూర్చున్న రాత్రి వాళ్లకు వినిపించేది ఆ గొంతే.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు. ఆ ఊళ్లో మనమూ ఉన్నాం, మన పిల్లలూ ఉన్నారు. ఈసారి ఇంట్లో గ్లాసు పగిలినప్పుడు, ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చినప్పుడు, పిల్లలు వినేలా మనతోనూ వాళ్లతోనూ ఒక నిజమైన, మెత్తని మాట అందాం. ఇవాళ మనం అన్నదే రేపు వాళ్లు అనుకుంటారు.